గట్టెక్కిన తరువాత

కోవిల్‌పట్టిలోనూ, విరుదునగరంలోనూ తరతరాలుగా కాపురముంటున్న మనవాళ్ళకు సముద్రం సంగతులెందుకని చదువరులు అడగవచ్చు. మనది నల్లరేగడి నేల. యిక్కడి తమిళులు కరిసల్ అంటారు. పత్తి, మినుము, జొన్న, సజ్జ మన పంటలు. వాన కోసం తల యెత్తి ఆకాశం చూడటమే గాని, తల ముంచి నీటి అడుగు చూడటం మన యిళ్ళలో యెన్నడూ లేదని పెద్దలు అంటారు. అయినా లెక్కకు కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోని వూరు. 1986లో తిరునెల్వేలి జిల్లా నుంచి యీ జిల్లాను విడదీసినప్పటినుంచీ, ఒకే జిల్లాకు ఒక కొసను కరిసల్ నేలా, మరొక కొసను మన్నార్ సింధుశాఖా వున్నాయి. కోవిల్‌పట్టి నుంచి సుమారు 60 కిలోమీటర్లు బస్సులో పోతే వుప్పుగాలి మొగానికి తగులుతుంది.

ఆ గాలి తగిలేచోట యిప్పుడు మన పిల్లలు కూడా వున్నారు. తూత్తుకుడిలో 1977 నుంచి మత్స్య కళాశాల నడుస్తున్నది. అక్కడి సముద్రంలోని పగడపు దిబ్బలను లెక్క చూడటానికి, వాటికి మరమ్మతు చేయటానికి నీటిలో మునిగే యువకులు అవసరమవుతున్నారు. యింకా కొందరు పిల్లలు సెలవులకు పుదుచ్చేరి, అండమాన్ వెళ్ళి వీపున సిలిండరు కట్టుకొని మునిగి, ఆ ఫోటోలు పంపుతున్నారు. ఆ ఫోటోలు చూసి సంతోషిస్తున్నాం, భయపడుతున్నాం. కాని ఆ పిల్లలను నీళ్ళలో నిలబెట్టే సామాను యేమిటో, దాన్ని యెలా కాపాడుకోవాలో మనలో తెలిసినవారు తక్కువ. అందుకే యీ వ్యాసం.

మేము యీతగాళ్ళం కాము. ఒక కార్యాలయంలో రిజిస్టర్లు రాసే గుమాస్తాలం. అయితే సామానును జాగ్రత్తగా పెట్టుకోవటం అనే విద్య యీతకు యెంత అవసరమో కచేరీకీ, వంటింటికీ అంతే అవసరం గనుక, తెలిసినంతవరకు చెప్పవచ్చునని సాహసించాం.

రాయి, బుర్ర, కోటు

నీళ్ళలోకి పోయే మనిషికి రెండు కోరికలు. అడుగుకు పోవాలంటే బరువు కావాలి. పైకి రావాలంటే గాలి కావాలి. మన ప్రాంతంలో యీ రెండింటికీ వెనుకటినుంచి వేరువేరు సాధనాలు వుండేవి.

బరువు సంగతి ముత్యాల వేటగాళ్ళకు తెలుసు. తూత్తుకుడికి యెదురుగా సముద్రంలో, సుమారు 12 నుంచి 25 మీటర్ల లోతున, ముత్యపు చిప్పలుండే గట్టి తిప్పలున్నాయి. పరవ కులస్థులూ, కీళక్కరై ముస్లిములూ అక్కడ మునిగేవారు. తాడుకు కట్టిన పెద్ద రాయిమీద కాలుపెట్టి, గాలి పీల్చి, రాయితోపాటు అడుగుకు జారేవారు. పడవలోని సహాయకుడు రాయిని వెంటనే పైకి లాగేవాడు. మునిగినవాడు నిమిషంపాటు అడుగున చిప్పలేరుకొని తాడు కదిపితే, అతనినీ లాగేవాడు. సర్కారువారు వేలంవేసి నడిపించిన యీ ముత్యాల వేట తూత్తుకుడిలో చివరిసారిగా జరిగింది 1961లో.

గాలి సంగతి మన బావులకు తెలుసు. కరిసల్ సీమలో వ్యవసాయపు బావులు దిగుడుబావులు, వెడల్పైనవి, లోతైనవి. పిల్లలకు యీత నేర్పేటప్పుడు నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టేవారు. కొందరు జీలుగు బెండ్లు కట్టేవారు. ఏదీ దొరకనివారు పీచు తీయని రెండు ఎండుకొబ్బరికాయలు జతచేసి కట్టేవారు. సొరకాయను తీగమీదే ముదరనిచ్చి, గింజలు లోపల గలగలలాడేదాకా ఎండబెడితే, అది గాలి నిండిన బుర్ర అవుతుంది. యీత నేర్చుకొన్న పిల్లవాడి గురించి అందరూ మాట్లాడేవారే గాని, ఆ బుర్ర గురించి అడిగేవారు లేరు. దానిని తుడిచి, నీడను ఆరబెట్టి, యెలుక కొరకకుండా దూలానికి ఉట్టిలో వేలాడదీసేది యింట్లోని అవ్వ. మరుసటి యేడు దించినప్పుడు తొట్టిలో ముంచి, బుడగ వస్తుందేమో చూసి మరీ పిల్లవాడికి కట్టనిచ్చేది. పగులు కనిపించిన బుర్ర గింజలకే పనికివచ్చేది.

ఇక మూడవ సాధనం యీ కాలపు కోటు. నీటిలో గాలి పీల్చుకొనే ఆక్వాలంగ్ అనే యంత్రాన్ని 1943లో ఫ్రాన్సు దేశంలో కూస్తో, గాన్యాన్ అనే యిద్దరు సిద్ధంచేశారు. మన తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అటువంటి యంత్రం తగిలించుకొని సముద్రపు అడుగును స్వయంగా చూసి రాసిన వ్యాసాలు 1967 నాటికే అచ్చులోకి వచ్చాయి. తొలిరోజుల మునకగాళ్ళకు తేలటానికి వేరే సాధనం లేదు. నడుముకు సీసపు బిళ్ళలు, రొమ్ములో వూపిరి, అంతే. 1961లో ఫ్రాన్సువాడే అయిన ఫెంజీ మెడకు తగిలించుకొనే గాలిసంచిని తెచ్చాడు. 1971లో స్క్యూబాప్రో కంపెనీ చేతులు దూర్చి తొడుక్కొనే రకాన్ని అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్నది దాని సంతతే. మునిగేవాళ్ళు దాన్ని బి.సి.డి. అంటారు.

దుకాణాల్లో జాకెట్టు అని కూడా అంటారు. ఆ మాట మా యింట్లో అంటే ఆడవాళ్ళు నవ్వారు. కనుక మనం గాలికోటు అని చెప్పుకొందాం.

అది చేసే పని

గాలికోటు లోపల గట్టి నైలాను గుడ్డకు లోపూత వేసిన సంచి ఒకటి వుంటుంది. యెడమ భుజం నుంచి ముడతల గొట్టం ఒకటి వేలాడుతుంది. గొట్టం చివర రెండు బొత్తాలూ, నోటితో వూదే గొట్టమూ వుంటాయి. ఒక బొత్తాం నొక్కితే వీపునున్న సిలిండరు గాలి సంచిలోకి పోతుంది. రెండవది నొక్కితే సంచిలోని గాలి వెలుపలికి పోతుంది. భుజం దగ్గరా, నడుము దగ్గరా తాడు లాగితే గాలి వదిలే మూతలుంటాయి. సంచి మితిమీరి వుబ్బితే యీ మూతలలో ఒకటి తనంతట తానే తెరుచుకొంటుంది. సిలిండరులో వున్నది ఆక్సిజన్ అని చాలామంది అనుకొంటారు. మామూలుగా అది మనం పీల్చే గాలే, వొత్తి నింపినది.

సంచిలో ఒక లీటరు గాలి నిండితే ఆ మేరకు నీరు పక్కకు జరుగుతుంది. దరిదాపు ఒక కిలో బరువును అది మోస్తుంది. ఈ లెక్కమీదనే మనిషి మునగకుండా, తేలకుండా, చేప నిలిచినట్లు నీటి నడుమ నిలబడగలుగుతాడు. ముత్యాలవాడి రాయి చేసిన పని, బావిలోని బుర్ర చేసిన పని యీ ఒక్క కోటే సీసపు బిళ్ళలతో కలిసి చేస్తుంది.

ఇందులో ఒక చిక్కు వుంది. 10 మీటర్ల లోతుకు పోతే వొత్తిడి పైనున్నదానికి రెండింతలు. 20 మీటర్లకు పోతే మూడింతలు. 20 మీటర్ల లోతున సంచిలో 4 లీటర్ల గాలి వుందనుకోండి. దాన్ని వదలకుండా పైకి వస్తే అదే గాలి 12 లీటర్లవుతుంది. గాలి పెరిగేకొద్దీ మనిషి వేగంగా లేస్తాడు. లేచేకొద్దీ గాలి పెరుగుతుంది. రొమ్ములోని వూపిరికీ యిదే న్యాయం. వూపిరి బిగపట్టి వేగంగా పైకి వచ్చినవాడికి వూపిరితిత్తులు చిరగవచ్చు. నెత్తురులో కరిగిన నత్రజని బుడగలు కట్టి కీళ్ళకూ, వెన్నుకూ కీడు చేయవచ్చు. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా మెల్లగా రావాలని చాలాచోట్ల నేర్పుతారు. మెల్లగా రావటం ఆ గాలి వదిలే బొత్తాంమీద ఆధారపడి వుంది. ఆ బొత్తాం సరిగా పనిచేయటం కోటును కడగటంమీద ఆధారపడి వుంది.

ఉప్పు లెక్క

మా అక్క కొడుకు ఒకడు తూత్తుకుడిలో మునక పని నేర్చి, అదే వృత్తిగా పెట్టుకొన్నాడు. సంక్రాంతికి మా యింటికి వచ్చినప్పుడు బట్టల మూటతోపాటు ఒక తడికోటు తెచ్చి, పెరట్లో బకెట్టు కోసం వెతికాడు. ముందు కాఫీ తాగరా అంటే వినలేదు.

"దీన్ని కడిగిందాకా కాఫీ దిగదు మామా" అన్నాడు.

"పైన దుమ్మయినా లేదు గదరా, తెల్లగా మెరుస్తున్నది."

"పైన వుండేది కనిపిస్తుంది మామా. లోపల వుండేదే కొంప ముంచుతుంది. ఇదిగో, చూడు."

అని సంచిని నోటితో వూది నింపి, తలకిందులు చేసి, గొట్టం చివర కిందికి వచ్చేలా పట్టుకొని, గాలి వదిలే బొత్తాం నొక్కాడు. బుస్సుమంటూ గాలితోపాటు నీళ్ళు కారాయి. లోటాలో పట్టి చూస్తే అరలీటరుకు తక్కువ లేవు. మునిగినంతసేపూ గాలి వదిలినప్పుడల్లా కాసిని సముద్రపు నీళ్ళు ఆ గొట్టంగుండా లోపలికి జొరబడతాయట.

మేము గుమాస్తాలం గనుక వెంటనే లెక్క వేశాం. సముద్రపు నీరు ఒక కిలోకు దరిదాపు 35 గ్రాముల వుప్పు వుంటుంది. అరలీటరుకు 17 గ్రాములకు పైచిలుకు. మన వంటింటి చిన్న చెంచాతో మూడు చెంచాలు. కడగకుండా వదిలేస్తే నీరు ఆవిరవుతుంది, ఆ మూడు చెంచాల వుప్పు లోపల మిగిలిపోతుంది.

"తూత్తుకుడి బయట వుప్పుమళ్ళు చూశావు గదా మామా. కడగని కోటు ఒక్కొక్కటీ ఒక్కొక్క వుప్పుమడి" అన్నాడు వాడు. మా యింటావిడ నవ్వి, "అయితే నాయనా, ఈ పూట కూరకు మీ మామను కోటు అడగాలి" అంది.

నవ్వు ఆగిన తరువాత వాడు చెప్పిన సంగతి నవ్వేది కాదు. రెండేళ్ళ కిందట వాడి తోడువాడొకడు ఒకచోట కోటు అద్దెకు తెచ్చుకొన్నాడు. 14 మీటర్ల లోతున గాలి నింపే బొత్తాం నొక్కితే అది లోపలికి పోయి తిరిగి రాలేదు. గాలి ఆగకుండా సంచిలోకి పోతూనే వుంది. మనిషి పైకి లేవసాగాడు. తర్ఫీదు బాగా వున్నవాడు గనుక చెయ్యి తడబడకుండా సిలిండరు నుంచి వచ్చే సన్నగొట్టాన్ని కోటు నుంచి వూడదీశాడు, రెండవ చేత్తో గాలి వదిలే తాడు లాగాడు, నోటినుంచి వూపిరి వదులుతూ వచ్చాడు. బతికాడు. గట్టుమీద ఆ బొత్తాం విప్పి చూస్తే స్ప్రింగు చుట్టూ తెల్లటి వుప్పు గడ్డకట్టి వుందట.

"ఎవరో ఒక పూట అలసిపోయి, రేపు కడుగుదాంలే అనుకొన్నారు మామా. అంతే జరిగింది" అన్నాడు.

కడిగే పద్ధతి

వాడు ఆనాడు చేసి చూపినది, తరువాత అడిగి తెలుసుకొన్నది వరుసగా రాస్తున్నాం. కోటుతోపాటు తయారీదారు యిచ్చే పుస్తకంలో వేరుగా చెప్పివుంటే దాన్నే పాటించాలి.

మొదట, పైన చెప్పినట్లు లోపలి నీళ్ళు కారబోయాలి. ఇది పడవమీదనే ఒకసారి చేస్తే మోయటం కూడా తేలిక.

రెండు, కోటును మంచినీళ్ళలో నానబెట్టాలి. గోరువెచ్చని నీళ్ళయితే వుప్పు త్వరగా కరుగుతుంది, వేడినీళ్ళు పనికిరావు. నానుతున్నంతసేపూ బొత్తాలు కదిలిస్తూ, మూతల తాళ్ళు లాగుతూ వుండాలి. సిలిండరును బిగించే పట్టీ, బకిల్సు, జేబులు, జిప్పులు, వీటి సందులలో యిసుక దాక్కొంటుంది.

మూడు, ముఖ్యమైనది. గాలి వదిలే బొత్తాం నొక్కిపట్టి, నోటిగొట్టంగుండా సంచిలో మూడోవంతు వరకు మంచినీళ్ళు పోయాలి. తరువాత గాలి వూది నింపి, మజ్జిగ కుండను కుదిపినట్లు అన్ని వైపులకూ కుదపాలి. ఆ నీళ్ళు కొంత గొట్టంగుండా, కొంత భుజంమీది మూతగుండా, కొంత నడుము మూతగుండా వదలాలి. అప్పుడు మూతలన్నీ లోపలినుంచి కడుక్కొన్నట్లవుతుంది. ఇలా రెండు మూడుసార్లు చేయాలి. కోటు పలువురు వాడేదయితే నోటిగొట్టానికీ, లోపలి సంచికీ తయారీదారు చెప్పిన క్రిమినాశని వాడి, మళ్ళీ మంచినీళ్ళతో తొలచాలి. ఒకరి నోటి తడి యింకొకరికి పోకూడదు గదా.

నాలుగు, సంచిని గట్టిగా వూది పక్కన పెట్టాలి. అరగంట తరువాత చూస్తే అంతే బిగువుగా వుండాలి. మెత్తబడితే ఎక్కడో చిల్లి వుంది. సబ్బునీళ్ళు కొద్దిగా రాసి చూస్తే బుడగ వచ్చినచోట చిల్లి బయటపడుతుంది. సైకిలు ట్యూబును తొట్టిలో ముంచి చూసినవారికీ, సొరబుర్రను ముంచి చూసిన అవ్వకూ యిది కొత్త విద్య కాదు.

అయిదు, వెడల్పాటి కొయ్య హాంగరుకు తగిలించి, గాలి ఆడేచోట నీడను ఆరవేయాలి. సగం గాలి నింపే వుంచాలి. పూర్తిగా వదిలి మడతపెడితే లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కొంటాయి. మడతపడినచోట పూత విరుగుతుంది.

నీళ్ళ సంగతి మనవాళ్ళకు వేరే చెప్పాలి. కోవిల్‌పట్టిలో కుళాయికి వచ్చేది సీవలప్పేరి దగ్గర తామ్రపర్ణి నుంచి తెచ్చిన నీరు. అది బిందెలతో లెక్కపెట్టి వాడుకొనే నీరు. ఒక కోటు కోసం నీళ్ళు పారబోస్తావా అని యింట్లో ఆడవాళ్ళకు కోపం రావటం న్యాయమే. దానికి వుపాయం రెండు బకెట్లు. మొదటి బకెట్టులో నానబెట్టి వుప్పూ, యిసుకా వదిలించాలి. రెండవ బకెట్టులోని మంచినీళ్ళు లోపలి సంచికీ, చివరి కడుగుకూ వుంచుకోవాలి. గిన్నెలు తోమేటప్పుడు మనయిళ్ళలో చేసేదదే. రెండవ బకెట్టు నీళ్ళు అడుగంటా వాడినా, ఒక ప్రాణానికి అది ఖరీదు కాదు.

చేయకూడని పనులు

వెనుక మోట తోలినకాలంలో తోలుసంచికి నూనె పట్టించేవారు. యిక్కడివారు కమలై అనే ఆ మోట సంచి, నూనె లేకపోతే ఎండి చిట్లేది. ఆ వాసన మన పెద్దలకు యింకా గుర్తుంటుంది. అదే బుద్ధితో గాలికోటు రబ్బరుకు కొబ్బరినూనె రాద్దామనిపించవచ్చు. రాయకూడదు. తోలుకు నూనె మేలు, రబ్బరుకు నూనె చేటు. అది వుబ్బి మెత్తబడి బిగువు పోతుంది. కిరసనాయిలు, పెట్రోలు దగ్గరకు కూడా రానివ్వకూడదు. బొత్తాం బిగుసుకొంటే సైకిలుకు వేసే నూనె చుక్క వేయటం తెలివి కాదు. మరమ్మతు తెలిసినవాడి దగ్గరకు పంపటం తెలివి.

ఎండలో ఆరవేయకూడదు. మన కరిసల్ ఎండ పత్తికి మంచిదే గాని నైలానుకు కాదు; గుడ్డ రంగు పోయి, బలం పోతుంది. బట్టల సోడా, బ్లీచింగు పొడి వాడకూడదు. గట్టి బ్రష్షుతో తోమకూడదు. నడిచే మోటారు పక్కన గాని, వంటగదిలో పొయ్యి దగ్గర గాని పెట్టకూడదు. యెలుకల సంగతి యింటివాళ్ళకు చెప్పనక్కరలేదు.

పైవన్నీ చేసినా, యేడాదికొకసారి తయారీదారు ఒప్పుకొన్న మరమ్మతుగాడి చేత బొత్తాలూ, మూతలూ విప్పించి చూపించాలి. ఇంట్లో మనం చేసేది కడగటం, చూడటం. విప్పటం మన పని కాదు.

రిజిస్టరు

మా కచేరీలో ఒక మాట వుంది: రాయని పని చేయని పని కిందే లెక్క. కోటుకు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టమని మేనల్లుడికి చెప్పాం. తేదీ, మునిగిన చోటు, కడిగినవారి పేరు, అరగంట పరీక్షలో గాలి నిలిచిందా లేదా, కనిపించిన లోపం, మరమ్మతు తేదీ. ఆరు గళ్ళు చాలు. వాడు మొదట నవ్వినా, యిప్పుడు తన తోడివాళ్ళ కోట్లకు కూడా రాస్తున్నాడు. ఆ పుస్తకంలో ఒకే లోపం మూడుసార్లు కనిపిస్తే అది మూడుసార్లు జరిగిన పొరపాటు కాదు, చెడిపోతున్న సామాను.

పిల్లలను సెలవులకు పంపే తల్లిదండ్రులకు యిదే మనవి. అద్దెకిచ్చేచోట పిల్లవాడు నాలుగు పనులు చేయాలి. కోటు కిందటిసారి యెప్పుడు మరమ్మతుకు పోయిందో అడగాలి. గట్టుమీదనే వూది బిగువు చూడాలి. రెండు బొత్తాలూ పదిసార్లు నొక్కి, నొక్కినప్పుడల్లా వెంటనే తిరిగి వస్తున్నవో లేదో గమనించాలి. తాడు లాగి మూతలు తెరుచుకొని, మళ్ళీ మూసుకొంటున్నవో చూడాలి. ఇవి అడిగితే విసుక్కొనేచోట మునగటం మానుకొని రావాలి. డబ్బు పోతే పోయింది.

ఇంకొక సంగతి. గాలికోటు ప్రాణరక్షక కోటు కాదు. స్పృహ తప్పినవాడి మొగాన్ని పైకి తిప్పి నిలుపుతుందని హామీ లేదు. పడవల్లో తగిలించుకొనేది వేరు. వెనుక దానిలో బూరుగు దూది కూరేవారు. మన బోడినాయకనూరు వైపు దిండ్లకూ, పరుపులకూ వాడే ఆ యిలవం పంజే ప్రపంచపు నావికులను కాపాడింది. అయితే దానిమీద మనుషులు కూర్చొని అణగదొక్కినా, పైగుడ్డ చిరిగి నీళ్ళు పట్టినా దూది తేలటం మానేసేది. ఇప్పుడు దూదికి బదులు నురుగు దిమ్మలు వచ్చాయి. అయినా పడవల్లో వాటిమీద కూర్చోవటం, మూలకు విసిరివేయటం మానలేదు. చిరిగిన కుట్టూ, తెగిన నాడా వున్న కోటు చేతికిస్తే, వేరొకటి యిమ్మని అడగటం మర్యాద తప్పటం కాదు.

మన బావులు కూడా మరచిపోకూడదు. వేసవి సెలవుల్లో బావులలోనూ, రాళ్ళు తీసిన గుంటలలోనూ పిల్లలు పోయిన వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే వున్నాం. ఇప్పుడు సొరబుర్ర బదులు నూనె డబ్బా కడుతున్నారు, లారీ ట్యూబు వేస్తున్నారు. డబ్బా మూత వూడినా, ట్యూబు వాల్వు దగ్గర సన్నగా గాలి పోతున్నా పిల్లవాడికి తెలియదు. పెద్దవాడొకడు గట్టున వుండాలి. కట్టేముందు తొట్టిలో ముంచి చూడాలి. తాడు కుళ్ళిందేమో లాగి చూడాలి. ఇది పాత విద్యే, మరచిపోయిన విద్య.

నీళ్ళలో చూపిన ధైర్యాన్ని నలుగురూ మెచ్చుకొంటారు. గట్టెక్కిన తరువాత, అలసిన చేతులతో, చూసేవారు లేనప్పుడు కోటు కడిగేవాడిని మెచ్చుకొనేవారు తక్కువ. కాని మరుసటిరోజు నీటి అడుగున అతనినో, అతని తోడువాడినో కాపాడేది ఆ సాయంకాలపు అరగంట పని. మన యిళ్ళలో ఆ అరగంట విలువ తెలిసినవారు మొదటినుంచీ వున్నారు. దూలాన ఉట్టి కట్టిన అవ్వకు అది తెలుసు.

వచ్చే సెలవులకు మన పిల్లలలో యెవరైనా తూత్తుకుడి నుంచో, రామేశ్వరం నుంచో మూటతో దిగి, ఆ మూటలో తడికోటు వుంటే, వారికి ముందు రెండు బకెట్లు చూపించండి. కాఫీ తరువాత కలుపుకోవచ్చు.